మెల్లగా పెట్టిన ఇంజను

ఆ పొద్దున తూర్పున మబ్బు పల్చగా, చేటలో చెరిగిన పొట్టు గాలికి సాగినట్టు పరుచుకుని ఉంది. సూర్యుడు దాని వెనక తెల్లగా కనబడుతున్నాడే గాని ఎండ కింద పడటం లేదు. షెడ్డు ముందు కళ్లంలో నలభై బస్తాల పల్లికాయ ఆరబోసి ఉంది. మాఘమాసంలో ఇట్లా మబ్బు పట్టిందంటే వాన రాకపోయినా కాయకు చెమ్మ ఎక్కుతుంది. చెమ్మ కాయ మిషన్లో వేస్తే పొట్టు సరిగ్గా వదలదు. నాలుగు కాయలు పిడికిట్లో పట్టుకుని చెవి దగ్గర ఊపి చూశాను. లోపల గింజ ఇంకా గలగలమంటోంది, చెమ్మ ఎక్కలేదు. పరవాలేదనుకున్నాను.

అప్పుడే బాట మీద తెల్ల వ్యాను ఆగింది. ముందు బాసిత్ దిగాడు, తర్వాత తిరుపతి, ఆఖరున సింధూజ.

ఈ షెడ్డు గద్వాల నుంచి మల్దకల్ పోయే బాటలో ఉంది. బాసిత్ వాళ్ల నాయన మహబూబ్ భాయిది. నేను ఇరవై ఏళ్ల నుంచి ఇందులో పల్లికాయ ఒలిచే మిషన్ నడుపుతున్నాను. భాయికి మోకాళ్లు పట్టేశాక మూడేళ్ల నుంచి కౌలు నాదే.

"ఏంది పెంటన్నా, సప్పుడు లేకుంట నిలవడ్డవ్. మేమేమన్న దయ్యాలమా?" అన్నాడు బాసిత్.

"రాండ్రి" అన్నాను.

తిరుపతి నవ్వాడు. "ఎనిమిదేండ్లల్ల ఒక్క మాట పెరగలే."

కళ్లంలో కాయను కాళ్లతో తిరగేస్తున్న నా భార్య బాలమణి తల ఎత్తకుండానే అంది: "మాటలన్ని బస్తల కుక్కి అటక మీద వెట్టిండు. పెండ్లై ముప్పై ఏండ్లాయె, నాకే ఇంక సగం ఇయ్యలే."

సింధూజ మాత్రం నవ్వలేదు. వచ్చి బాలమణి చేతులు పట్టుకుని "బాగున్నవా అత్తా" అని అడిగి, షెడ్డు వైపు చూస్తూ నిలబడింది. టీవీలో కనబడే పిల్లలాగా లేదు. కళ్ల కింద నలుపు ఉంది.

ఎనిమిదేళ్ల కింద ఈ ముగ్గురూ గద్వాలలో డిగ్రీ చదువుతుండగా ఒక బ్యాండు పెట్టుకున్నారు. సింధూజది మల్దకల్, వాళ్లది వ్యవసాయం. ఆమె పాట, గిటారు. బాసిత్‌ది లావు తీగల గిటారు. గట్టు అనే ఊరి నుంచి వచ్చిన తిరుపతి పెండ్లిండ్ల బ్యాండులో డ్రమ్ములు కొట్టేవాడు. బ్యాండు పేరు 'సింగిల్ ఫేజ్' అని పెట్టుకున్నారు. బల్బు వెలుగుతుంది గాని మోటారు తిరగని కరెంటు అది. ఆ పేరు విని మా ఊర్లో నవ్వని మనిషి లేడు.

గద్వాలలో ఏ ఇంట్లో వాయించినా పక్కింటివాళ్లు కొట్లాటకు వచ్చేవాళ్లు. అందుకని బాసిత్ వాళ్ల నాయనను అడిగి ఆదివారాలు ఈ షెడ్డుకు తెచ్చాడు. నాలుగు గోడలకూ పొట్టు బస్తాలు నిలబెట్టి ఉండేవి కాబట్టి ఇక్కడ చప్పుడు గోడకు తగిలి తిరిగి రాదు. చప్పట్లు కొట్టినా అక్కడికక్కడే చచ్చిపోతుంది. అప్పట్లో షెడ్డుకు మీటరు లేదు. వెనక పంచలా దించిన సాయబానులో డీజిల్ ఇంజను, దానికి బెల్టుతో ఒక డైనమో ఉండేవి. ఆ కరెంటుతోనే ఒక బల్బూ, వాళ్ల గిటార్ల చప్పుడు పెంచే పెట్టే నడిచేవి. ఇంజను లేపి పెట్టడం నా పని. ఆదివారం పూట నాకు వేరే పనీ లేదు. గుమ్మం దగ్గర గోనెసంచి మీద కూర్చునేవాణ్ణి.

మొదట్లో నాకు అది పాటలా అనిపించలేదు. నాకు తెలిసిన పాటంటే ఎక్కుతుంది, దిగుతుంది. ఇది ఎక్కదు, దిగదు. నడుస్తుంది. వేరే పాటల్లో కింద ఎక్కడో దాక్కుని ఉండే లావు తీగ ఇందులో ముందు నడిచేది. గిటారు అప్పుడప్పుడు పిడికెడు కంకర చల్లినట్టు వచ్చి పోయేది. డ్రమ్ము ఎవరి కోసమూ ఆగేది కాదు. ఆ పిల్ల పాడేది కాదు, బాయి గట్టున కూర్చుని ఎవరితోనో చెబుతున్నట్టు చెప్పేది. దీన్ని పోస్ట్ పంక్ అంటారని, ఎక్కడో చల్లటి దేశాల్లో మిల్లులు మూతపడ్డ ఊర్ల పిల్లలు ఇట్లా వాయించారని బాసిత్ ఒకసారి చెప్పాడు. నేను తల ఊపాను.

మూడో ఆదివారం వాళ్లు 'పొట్టు' అనే పాట చేశారు.

కాయ బస్తల వోయింది.
పొట్టు బాటల వడ్డది.
ఎవలు ఊదిండ్రో తెల్వదు.
ఎవల కంట్ల వడ్డనో తెల్వదు.

అంతే. ఇవే నాలుగు ముక్కలు, ఏడెనిమిది సార్లు. ప్రతిసారీ అదే గొంతు. ఐదోసారికి నా చేతిలో బీడీ ఆరిపోయి ఉంది. పన్నెండేళ్లుగా నేను రోజూ ఊడ్చి పారబోసే పొట్టు గురించి ఒక మనిషి ఆలోచించింది అనుకున్నాను. ఎవరితోనూ అనలేదు.

నాగర్‌కర్నూల్ కాలేజీలో వార్షికోత్సవానికి పిలిస్తే సామాను దింపడానికి నేనూ వెంట పోయాను. రెండో పాటకే పిల్లలు కేకలు మొదలుపెట్టారు. "గిది పాటనా, పంచాయతా?" అని ఎవడో అరిచాడు. మైకు తీసేశారు. వచ్చేటప్పుడు వనపర్తి దగ్గర చాయ తాగుతూ సింధూజ అడిగింది: "మామా, నువ్వొక్కనివే ఆఖరి దాంక కూసున్నవ్. ఎందుకు?" సామాను దగ్గర కాపలా అన్నాను. అది అబద్ధం.

తర్వాత వాళ్లు హైదరాబాదు పోయారు. పోయేముందు ఆ ఐదు పాటలు బాసిత్ ఫోన్‌ను పొట్టు కుప్ప మీద పెట్టి రికార్డు చేసి, ఒక మెమరీ కార్డులో వేసి నాకిచ్చాడు. రెండేళ్ల కింద ఒక సినిమాలో వాళ్ల పాట వచ్చింది. అందులో వయొలిన్లు ఉన్నాయి, వెనక యాభై మంది కోరస్ ఉంది. గద్వాల బస్టాండు హోటల్లో, ట్రాక్టర్ల మీద, పెండ్లి ఊరేగింపుల్లో అదే పాట. మంచి పాటే. నాకు సంతోషమే అయింది. మా షెడ్డు పిల్లలని నలుగురికి చెప్పాను కూడా. కానీ మిషన్ కాడ పొద్దున పని మొదలుపెట్టేటప్పుడు నా పాటల డబ్బాలో నేను పెట్టుకునేది ఆ కార్డే.

సినిమా పాట పేరుపడ్డాక హైదరాబాదులో ఎవరో ఆ ఐదు పాత పాటలు కూడా శుభ్రం చేసి ఇంటర్నెట్‌లో పెట్టారు. మా ఊరి పిల్లవాని ఫోన్లో ఒకసారి విన్నాను. పొట్టు తీస్తూ తీస్తూ పప్పు మీది ఎర్ర పొర కూడా తీసేసినట్టు ఉంది. ఏం తీశారో నాకు అప్పుడు తెలియలేదు.

వ్యానులోంచి సామాను దింపారు. కొత్త పెట్టెలు, కొత్త డ్రమ్ములు. నేను మిషన్ బెల్టు విప్పి పక్కన పెట్టాను.

"రేపు వనపర్తిల ప్రోగ్రాం మామా" అంది సింధూజ. "మన దిక్కు గింత పెద్దగ చేసుడు ఇదే మొదలు. పాతయి ఐదిట్ల మూడన్న పాడాలని నా మనసు. నెల నుంచి చేస్తున్నం. కుదురుతలేదు."

"ప్రోగ్రాం వెట్టిన సారు సినిమా పాటనే రెండుమాట్ల పాడుమంటుండు. పాతయి ఎవలకు తెల్సు అంటుండు" అన్నాడు బాసిత్.

"ఆయనతోని నాకేం పని లేదు. నాకొక్కటి తెల్వాలె." ఆమె బస్తా మీద చెయ్యి వేసి నిలబడింది. "అప్పుడు నిజంగనే బాగుండెనా, లేకుంటే మేం చిన్న పోరలం గావట్టి బాగున్నదనుకున్నమా? ఇయ్యాల గీ షెడ్డుల గుడ కుదరకపోతే ఇడిశిపెడ్త. రేపటికే గాదు, ఇగ ఎప్పటికీ పాడ."

ముగ్గురూ నా వైపు చూశారు. చెప్పడానికి చాలా ఉంది. ఆరిపోయిన బీడీ సంగతి ఉంది, నాగర్‌కర్నూల్ సంగతి ఉంది. గొంతు దాకా వచ్చింది ఒక్కటే.

"బాగుండె" అన్నాను.

"ఇప్పుడు అందరు గట్లనే అంటున్నరు మామా" అంది ఆమె, నొచ్చుకోకుండా.

నిజమే. సినిమా వచ్చాక అందరూ అదే మాట అన్నారు. మైకు తీసేసిన కాలేజీ వాళ్లు కూడా సన్మానానికి పిలిచారట. నా మాట ఆ మాటల్లో కలిసిపోయింది.

గోడకున్న మీటరు కరెంటుకు పెట్టెలు తగిలించి 'పొట్టు' మొదలుపెట్టారు. ఏ చెయ్యీ తప్పు పోలేదు. ముందుకన్నా వందరెట్లు బాగా వాయిస్తున్నారు. కానీ ఆ పిల్ల చెప్పడం లేదు, పాడుతోంది. 'ఎవల కంట్ల' దగ్గర గొంతు మేడమెట్లు ఎక్కినట్టు పైకి పోతోంది. అక్కడ మెడ నరం లేవడం చూశాను. పాత రోజుల్లో ఆమె మెడ కదిలేది కాదు. రెండోసారికి తనే ఆపేసింది.

"చూస్తివా?" అంది బాసిత్‌తో. "గింతే. దీంట్ల ఏం లేదు."

తిరుపతి డ్రమ్ము మీద దుమ్ము లేకపోయినా తుడుస్తున్నాడు.

నేను మూలకు పోయి నా పాటల డబ్బా తెచ్చి మీట నొక్కాను. ముందు ఒక మూలుగు, గుమ్మని, సన్నగా. దాని వెనక దూరంగా ఇంజను చప్పుడు. తర్వాత లావు తీగ. తర్వాత ఆమె.

సింధూజ కింద కూర్చుండిపోయింది.

"గిది నేనేనా?" అంది. "బాసిత్, మన దగ్గర గిది లేదు గదా?"

"నా ఫోను కాల్వల వడ్డప్పుడే వోయింది. మనం నెల నుంచి ఇంటున్నది ఇంటర్నెట్ల వెట్టిన దాన్ని." బాసిత్ గిటారు తీసుకుని డబ్బాలోని తీగతో తన తీగ కలిపి చూశాడు. మొహం చిట్లించాడు. "ఇది కిందికున్నది. ఏ శ్రుతిలనూ లేదు, రెండిట్ల నడ్మ ఉన్నది. డబ్బా ఖరాబైందా పెంటన్నా? మెల్లగ తిరుగుతున్నట్టుంది."

"డబ్బ మంచిగనే ఉంది" అన్నాను.

"మరి మనం గిట్ల ఎందుకు వెట్టుకున్నం? నా దగ్గర శ్రుతి మిషన్ గుడ లేకుండె అప్పుడు. దేనికి కలిపిన నేను?"

అతనికి గుర్తులేదు. నాకు గుర్తుంది. నేను పాట వినేవాణ్ణే గాని, కళ్లు ఎప్పుడూ చేతుల మీదే ఉండేవి. మిషన్ నడిపేవానికి అది అలవాటు. ప్రతి ఆదివారం నేను ఇంజను లేపగానే బాసిత్ పాత పెట్టె గుమ్మని మూలిగేది. బాసిత్ దాని మీద చెవి ఆనించి, లావు తీగ మీటి, ఆ మూలుగూ తీగా ఒకటయ్యేదాకా తీగ బిగించే బిరడాను తిప్పేవాడు. సింధూజ బాసిత్‌ను చూసి కలుపుకునేది. అంత మామూలుగా చేసేవాడు కాబట్టే అతనికి అది లెక్కలోకి రాలేదు.

సాయబానులోకి పోయాను. ఇంజను మీద కప్పిన పట్టా తీశాను. మీటరు వచ్చాక దీనితో పని లేకపోయినా నెలకోసారి నూనె వేసి తిప్పుతుంటాను. తొట్టిలో నీళ్లు పోశాను, డీజిల్ చూశాను, డైనమో బెల్టు వేశాను. హ్యాండిల్ పెట్టి తిప్పితే మూడో చుట్టుకు దగ్గి అందుకుంది. బాసిత్ అప్పట్లో ఇక్కడే వదిలిన పాత పెట్టె మూలన పడి ఉంటే దుమ్ము దులిపి డైనమో వైరుకు తగిలించాను. గుమ్మంది.

బాసిత్ నోరు తెరిచాడు. "అరె, గిదేనా!" అని పరుగున వచ్చి చెవి పెట్టాడు. తీగ మీటాడు, బిరడా తిప్పాడు, మళ్లీ మీటాడు. కాసేపటికి తల అడ్డంగా ఊపాడు.

"అదే జాడ గాని అది గాదు పెంటన్నా. డబ్బల ఉన్నది ఇంక కిందికుంది."

సింధూజ లేచి నిలబడింది. మొహంలో వచ్చిన వెలుగు మళ్లీ పోతోంది. నేను పైనున్న బల్బు వైపు చూశాను. తెల్లగా, నిండుగా వెలుగుతోంది. అప్పట్లో ఆ బల్బు అట్లా వెలిగేది కాదు. ఎర్రగా, గుడ్డిగా ఉండేది. ఆ గుడ్డి వెలుగులో సింధూజ కాగితం కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదివేది.

అప్పుడు తెలిసింది. చేసినవాణ్ణి నేనే.

మళ్లీ సాయబానులోకి పోయి ఇంజను వేగాన్ని పట్టి ఉంచే గవర్నరు మర వెతికాను. కాయ మిషన్ నడపాలంటే ఇంజను నిండు వేగంతో ఉండాలి. ఒక బల్బుకు, ఒక పెట్టెకు అంత అవసరం లేదు. ఆ పిల్లలు ముగ్గురూ కలిసి తెచ్చే డీజిల్ ఒక సీసా. నిండుగా పెడితే నాలుగు పాటలకు అయిపోయేది. అందుకని వాళ్లకు చెప్పకుండా మర రెండు చుట్లు వదిలి మెల్లగా పెట్టేవాణ్ణి. సీసా పొద్దు గూకేదాకా వచ్చేది.

ఒక చుట్టు వదిలాను. ఇంజను ఊపిరి నిదానించింది. రెండో చుట్టు. లోపల బల్బు ఎర్రబడింది. పెట్టె మూలుగు మెట్టు దిగినట్టు కిందికి దిగింది.

లోపలి నుంచి లావు తీగ మీటిన చప్పుడు. మళ్లీ ఒకసారి. ఈసారి రెండు చప్పుళ్లు వినబడలేదు, ఒక్కటే వినబడింది.

"యా అల్లా" అన్నాడు బాసిత్.

నేను లోపలికి వచ్చాను. ముగ్గురూ నన్నే చూస్తున్నారు. ఇప్పుడు చెప్పక తప్పదు.

"డీజిల్ జర మిగులుతదని మెల్లగ పెడ్తుంటి" అన్నాను. "మీకు చెప్పలే. తప్పయింది."

తిరుపతి కర్రలు కింద పడేసి నవ్వడం మొదలుపెట్టాడు. "ఓ పెంటన్నా! అంటే మా శ్రుతి వెట్టింది నువ్వా? పేపరోళ్లు వచ్చి మీ గురువు ఎవలని అడిగితే మేం ఇన్నొద్దులు ఎవలెవల పేర్లో చెప్తిమి గదనే!"

"హైదరాబాదుల పెద్ద మనిషి కూసోని నెల రోజులు దాన్ని సక్కగ చేసిండంట" అన్నాడు బాసిత్. "ఇంజన్ సప్పుడు తీసిండు, శ్రుతి లేపిండు. మేం మా పాటనే తప్పు నేర్సుకుంటిమి."

సింధూజ నవ్వలేదు. గిటారు తీగలు ఒక్కొక్కటే వదులుకుంటూ బాసిత్ తీగకు కలుపుకుంది. "మొదలువెట్టుండ్రి" అంది.

లావు తీగ ముందు నడిచింది. డ్రమ్ము దాని వెంట పోయింది. పిడికెడు కంకర పడింది. ఆమె మైకు దగ్గరికి పోయి, ఎవరినీ చూడకుండా, చెప్పింది.

కాయ బస్తల వోయింది.
పొట్టు బాటల వడ్డది.

మెడ కదల్లేదు. గొంతు ఎక్కడికీ ఎక్కలేదు, తను నిలబడ్డ చోటే నిలబడింది. కానీ ఇది పాతదే అనలేను. అప్పుడు ఆ మాటలు అన్నది ఎవరూ వినని పిల్ల. ఇప్పుడు ఊరూరా విన్న మనిషి, అంతా చూసి వచ్చి అంటోంది. ఎవల కంట్ల వడ్డనో తెల్వదు. కార్డులో ఉన్న దానికన్నా నాకు ఒక్క ఆవగింజంత ఎక్కువే నచ్చింది. ఆ సంగతి కార్డుకు కూడా చెప్పను.

గుమ్మంలోంచి కళ్లం కనబడుతోంది. మబ్బు ఎప్పుడు విడిపోయిందో, ఎండ కాయ మీద పరుచుకుని ఉంది. బాలమణి రెండు కాళ్లూ ఈడ్చుకుంటూ కాయలో సాలు వెంట సాలు తీస్తోంది. తనకు ఈ పాటలంటే గిట్టదు. అయినా కాలు డ్రమ్ముకే పడుతోంది. నేను చూస్తున్నానని తెలిసి కావాలని అడుగు తప్పించింది.

మూడు పాటలూ చేశారు. ఆఖరుది అయ్యాక సింధూజ మైకు ఆపి నా వైపు తిరిగింది.

"బాగుండె మామా" అంది. అడిగినట్టు కాదు.

నేను తల ఊపాను.

"రేపు ముందుగాల గివే మూడు. సినిమాది ఆఖరుకు, ఒక్కసారే. సారుకు నేను చెప్త."

"ఈ మూలుగు ఫోన్ల వట్టుకున్న" అన్నాడు బాసిత్. "వనపర్తిల దీనికే కలుపుకుంటం."

"ఫోనెందుకు, ఇంజన్నే వ్యాన్ల ఏద్దాం" అన్నాడు తిరుపతి. "పెంటన్న హ్యాండిల్ వట్టుకోని స్టేజీ మీద నిలవడ్తడు."

"దాన్ని లేపాలంటే ఆరుగురు గావాలె" అంది బాలమణి గుమ్మంలోంచి. "ఆయన్ని స్టేజి మీదికి ఎక్కియ్యాలంటే పన్నెండు మంది. రాండ్రి, రొట్టెలు సల్లారుతున్నయ్."

ఇంజను ఆపేశాను. దాని చప్పుడు ఆగాక షెడ్డు పెద్దదైనట్టు అనిపించింది. తొట్టిలో వేడినీళ్లు కాసేపు గుడగుడలాడి ఊరుకున్నాయి.

పొట్టు బస్తాలు రెండు అడ్డం పడేసి వాటి మీద కూర్చున్నాం. జొన్నరొట్టెలు, వంకాయ కూర, పల్లీల తొక్కు, గిన్నెలో పెరుగు. బాలమణి ఒక్కొక్కరి చేతికి రొట్టె ఇచ్చి, దాని మీదే కూర పెట్టింది. బాసిత్ కాలు ముడిచి కూర్చుని తొక్కు అద్దుకున్నాడు. తిరుపతి కూడా నోరు మూసుకుని తిన్నాడు. సింధూజ రొట్టె అయిపోతే బాలమణి అడక్కుండానే ఇంకో సగం తుంచి వేసింది. ఆమె వద్దనలేదు. నేను పెరుగు గిన్నె ఆమె వైపు జరిపాను. బయట ఎండకు పల్లికాయలు ఒక్కొక్కటిగా చిటచిటమంటున్నాయి. తింటూ అందరం అదే వింటున్నాం.